వాడిన మాస్కును ఎలా పారేయాలి: మిర్చి మార్కెట్ దారిలోని మెడికల్ షాపు నుంచి

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి రావడం మొదలైందంటే మా మెడికల్ షాపులో మాస్కుల డబ్బాలు కౌంటర్ మీదికి వచ్చేస్తాయి. హమాలీ అన్నలు, చాట కూలీ అక్కలు, కాంటా వేసే దడ్వాయిలు, గుమస్తాలు, బస్తాలేసుకొని వచ్చిన రైతులు, అందరికీ కావాలి. కరోనా రోజుల్లో మాస్కు లేకుంటే వెయ్యి రూపాయల జరిమానా అని మన రాష్ట్రంలో భయపడి పెట్టుకున్నాం. ఇప్పుడు ఆ జరిమానా లేదు గానీ మిర్చి ఘాటు ఉంది, పత్తి మిల్లుల్లో దుమ్ము ఉంది, ఎంజీఎం ఆసుపత్రికి పోయి వచ్చేవాళ్లకు దగ్గు అంటుతుందేమో అన్న టెన్షన్ ఉంది. అందుకే మా దగ్గర మాస్కుల అమ్మకం ఏ ఏడూ ఆగలేదు.

సాయంత్రం మార్కెట్ గేటు బయట చూడండి. మోరీ అంచున, టీ బండి కింద, ఆటో స్టాండు దగ్గర, అంతటా నీలం మాస్కులే. నేను ఫార్మసిస్టును. అమ్మేది నేనే కాబట్టి, వాడాక దాన్నేం చేయాలో చెప్పడం కూడా నా పనే అనుకుంటాను. కౌంటర్ దగ్గర రద్దీలో రెండు ముక్కల్లో చెప్పేదాన్ని ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

ముందు దాన్ని విప్పి చూడండి

"కాగితమే కద బిడ్డా, వానకు నానిపోతది" అంది ఒక చాట కూలీ అక్క. మాట్లాడకుండా డబ్బాలోంచి కొత్త సర్జికల్ మాస్కు ఒకటి తీసి, అంచులు కత్తెరతో కోసి, ఆమె ముందే పొరలు విడదీశాను. పైన నీలం పొర. దాని మీద నీటి చుక్క వేస్తే ఇంకదు, అలాగే గుండ్రంగా నిలబడి పక్కకు జారిపోతుంది. ముఖానికి తగిలే వైపు మెత్తని తెల్ల పొర. రెండింటి నడుమ, పట్టుకుంటే ఉందో లేదో అన్నంత పలచగా, ఇంకో తెల్ల పొర. దుమ్మును, తుంపరలను ఆపేది అసలు అదే. తయారు చేసేటప్పుడు దానికి విద్యుత్ ఆవేశం ఎక్కిస్తారు. మంచి మాస్కైతే చిన్న కాగితం తునకలను ఆ పొర తన దగ్గరికి లాక్కుంటుంది కూడా.

ఈ మూడు పొరలూ ప్లాస్టిక్కే. పాలీప్రొపిలీన్ అంటారు. బియ్యం, ఎరువులు నింపే ప్లాస్టిక్ సంచులను నేసేది కూడా దీనితోనే. చెవి తాళ్లు నైలానో పాలిస్టరో, సాగడానికి అందులో స్పాండెక్స్ కలుపుతారు. ముక్కు మీద నొక్కుకునే పట్టీలో సన్నని లోహపు తీగ ఉంటుంది. అంతా కలిపి ఒక మాస్కు మూడు గ్రాముల పైమాటే. తక్కువేగా అనిపిస్తుంది. కానీ మార్కెట్‌లో వందమంది రోజుకు రెండేసి వాడితే నెలకు ఆరువేల మాస్కులు, అంటే 18 కిలోల ప్లాస్టిక్. ఒక్క గేటు దగ్గరి లెక్క ఇది.

వానకు అది నానదు. ఎండకు మాత్రం పెళుసెక్కుతుంది. నడిమి పొరలోని పోగుల మందం కొన్ని మైక్రాన్లే, మన తలవెంట్రుకలో పదో వంతు కూడా ఉండదు. ఎండకు, రాపిడికి ఆ పోగులు తెగి, కంటికి ఆనని ముక్కలై మట్టిలో, నీళ్లలో కలుస్తాయి. మనం మాస్కు కనబడకుండా పోయిందనుకుంటాం. నిజానికి ఆ ప్లాస్టిక్ మొత్తం అక్కడే ఉంటుంది, ఏరడానికి మాత్రం ఇక చేతికి దొరకదు.

పాలీప్రొపిలీన్ నీటికంటే తేలిక. అందుకే మోరీలో పడ్డ మాస్కు మునగకుండా తేలుతూ పోతుంది. మోరీ నుంచి నాలాకు, నాలా నుంచి చెరువుకు. పాచి, బురద పట్టి బరువెక్కాక అడుగుకు చేరుతుంది. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జూలైలో వరంగల్, హనుమకొండ కాలనీలు మునిగాయి. కుండపోత వానలు, నాలాల ఆక్రమణలు వాటి అసలు కారణాలు, మాస్కులు కావు. అయితే నయీంనగర్ నాలా లాంటి చోట నీళ్లకు అడ్డంపడే కవర్ల కుప్పలో ఈ మాస్కులు కూడా చిక్కుకొని ఉంటాయి, తాళ్లు దేనికో ఒకదానికి మెలిపడి. 2024 నవంబర్‌లో పూడిక తీయడానికి భద్రకాళి చెరువు నీళ్లు వదిలినప్పుడు చూడటానికి వెళ్లాను. ఆరుతున్న బురదలోంచి ఒక తెల్ల తాడు చివర బయటికి కనబడితే పుల్లతో లాగాను. మాస్కు రంగు పూర్తిగా పోయింది, పొరలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి, తీగ తుప్పుపట్టి బయటికి పొడుచుకొచ్చింది. తాడు మాత్రం లాగితే ఇంకా సాగుతోంది. ఏ కొంగ కాలికో అది తగులుకుంటే ఏమయ్యేదో అని నాకు చాలా బాధేసింది.

బయటి ప్రపంచంలో జరిగినదీ ఇదే. 2020 ఒక్క ఏడాదిలో దాదాపు 156 కోట్ల మాస్కులు సముద్రాల్లోకి చేరి ఉంటాయని ఓషన్స్‌ఏషియా అనే సంస్థ అంచనా వేసింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో బ్రెజిల్ తీరాన చనిపోయి దొరికిన ఒక పెంగ్విన్ కడుపులో ఎన్95 మాస్కు ఉంది.

ఇంట్లో వాడిన మాస్కు

తీసేటప్పుడు ముందు భాగాన్ని ముట్టుకోకండి. రెండు తాళ్లూ పట్టి తీయండి, వెంటనే చేతులు సబ్బుతో కడగండి. ముక్కు కిందికి లాగి మెడకు వేలాడేసుకోవడం, తీసి టేబుల్ మీద పడేయడం, ప్యాంటు జేబులో కుక్కడం, ఈ మూడూ మానేయాలి.

తీసినదాన్ని కాగితపు కవర్‌లో వేయండి. మేము మందులు ఇచ్చే ఖాకీ కవర్ చాలు. ప్లాస్టిక్ కవర్‌లో వేస్తే చెమట తడి ఆరదు, వాసన వస్తుంది. కవర్ మీద తారీఖు రాసి, పిల్లలకు, కుక్కలకు అందని చోట మేకుకు తగిలించండి. ఇలా కనీసం 72 గంటలు ఉంచాలి. నేను కల్పించి చెప్తున్న లెక్క కాదిది. జబ్బు లేనివాళ్లు ఇంట్లో వాడిన మాస్కులను కాగితపు కవర్‌లో 72 గంటలు ఉంచి, ఆ తర్వాత కత్తిరించి, పొడి చెత్తలో ఇవ్వాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లోనే చెప్పింది. ప్రయోగశాలలో పరీక్షించినప్పుడు సర్జికల్ మాస్కు బయటి పొర మీద ఏడో రోజున కూడా కరోనా వైరస్ కొద్దిగా మిగిలే ఉందని అదే ఏడాది లాన్సెట్ మైక్రోబ్ పత్రికలో వచ్చింది. అందుకని నేనైతే ఒక వారం ఉంచమంటాను. వారానికోసారి కత్తెర పట్టుకోవడం గుర్తుపెట్టుకోవడానికీ సులువు.

వారం గడిచాక కత్తెర తీయండి. చెవి తాళ్లు రెండింటినీ నడిమికి కోయండి, ఎక్కడా ఉంగరంలా మిగలకూడదు. పక్షుల కాళ్లకు, ముక్కులకు చుట్టుకునేది ఆ ఉంగరమే. తర్వాత మాస్కును అడ్డంగా రెండు ముక్కలు చేయండి. ఇది ఎందుకంటే, పారేసిన మాస్కును ఏరి, ఉతికి మళ్లీ అమ్మేవాళ్ల చేతికి అది పనికిరాకుండా పోవాలి. ముక్కు పట్టీలోని తీగను పీకే పని పెట్టుకోకండి. అది లోపలికి పోయేలా మడిస్తే చాలు, తీసుకునేవాళ్ల చేతికి గుచ్చుకోదు. కత్తెరను సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి. వంటింటి కత్తెర వాడొద్దు, దీనికి వేరేది పెట్టుకోండి.

ముక్కలన్నీ పాత న్యూస్‌పేపర్‌లో గట్టిగా చుట్టి, పైన ఎర్ర పెన్నుతో పెద్ద సున్నా చుట్టండి. చదువు రానివాళ్లకు కూడా అందులో చేయి పెట్టొద్దని తెలుస్తుంది. స్వచ్ఛ ఆటో వచ్చినప్పుడు ఆ పొట్లాన్ని పొడి చెత్త వైపు వేరుగా ఇవ్వండి, "అన్నా, ఇవి మాస్కులు" అని నోటితో కూడా చెప్పండి.

ఈ చెప్పడం గురించి ఎందుకింత పట్టుబడుతున్నానంటే, మా షాపుకు చేతుల పగుళ్లకు ఆయింట్‌మెంట్ కొనడానికి ఒక సఫాయి అన్న వస్తాడు. "కవర్ ముడి ఇప్పంగనే తడి మాస్కు అరచేతికి తగుల్తదమ్మా. ఎవలు దగ్గిందో, ఏం రోగమో మాకేం ఎరుక?" అన్నాడు. గ్లవ్స్ ఉన్నా, కవర్ల ముళ్లు విప్పడానికి అవి తీయాల్సి వస్తుందట. మన చెత్తబుట్టలో పడ్డాక మాస్కు నేరుగా రాంపూర్ డంపింగ్ యార్డుకు ఎగిరిపోదు. నడుమ ఒకరి తర్వాత ఒకరు మనుషులే దాన్ని చేత్తో పడతారు. అన్నం, కూరల తడి చెత్తలో వేస్తే ఇంకా నష్టం. ఆ చెత్త ఎరువుగా మారేటప్పుడు ఈ ప్లాస్టిక్ పోగులు అందులోనే ఉండి చేలకు పోతాయి. అన్నం వాసన తగిలిన మాస్కును రోడ్డు మీది ఆవులు కూడా మింగేస్తాయి. తడి, పొడి వేరు చేయడం మన ఊరికి కొత్తేమీ కాదు. 2012లో క్లీన్ సిటీస్ ఛాంపియన్‌షిప్ జరిగినప్పుడు ఇంటింటికీ నేర్పారు, దేశంలో వేరే ఊళ్లవాళ్లు వచ్చి చూసిపోయారు.

జబ్బు ఉన్న ఇల్లు, మందు కొట్టిన చేను, మార్కెట్

ఇంట్లో కరోనా, టీబీ లాంటి అంటుకునే జబ్బు ఉన్నవాళ్ల మాస్కులను పైన చెప్పిన పొట్లంలో కలపకండి. వాటిని కత్తిరించొద్దు కూడా. మూత ఉన్న డబ్బాలో వేరే కవర్ పెట్టి అందులో వేసి, ఆ కవర్‌ను ఇంకో కవర్‌లో పెట్టి ముడి వేయండి. మీ ఆశా కార్యకర్తకో, ఏఎన్ఎంకో ఫోన్ చేసి ఎవరికి ఇవ్వాలో అడిగి, వాళ్లు చెప్పినట్టే చేయండి. ఆసుపత్రుల్లో ఇవి పసుపు కవర్‌లో పడి, బయోమెడికల్ వ్యర్థాలతో పాటు ప్రత్యేక కొలిమిలో కాలుతాయి. ఆసుపత్రికి వెళ్లినప్పుడు మీ మాస్కును అక్కడి పసుపు డబ్బాలోనే వేసి రావడం అన్నిటికంటే మంచిది.

పురుగుమందు కొట్టేటప్పుడు సర్జికల్ మాస్కు పెట్టుకుంటున్న రైతులు చాలామంది ఉన్నారు. దయచేసి వినండి, మందు ఆవిరిని అది ఆపదు. దానికి గ్యాసు ఫిల్టర్ ఉన్న మాస్కు వేరే ఉంటుంది. మందు తడిసిన మాస్కు విషమే. దాన్ని ఒడ్డు మీద, బావి దగ్గర, బోరు దగ్గర పడేయకండి. ఇంటి చెత్తలో కలపకండి. పురుగుమందు డబ్బాలను మన దేశ 2016 నాటి చెత్త నిబంధనలు ఇంట్లోని ప్రమాదకర వ్యర్థాలుగా లెక్కించాయి. ఈ మాస్కును కూడా వాటితోనే వేరుగా ఉంచి, అలాగే చెప్పి ఇవ్వాలి.

ఇక మార్కెట్. బస్తాలు మోసే అన్నల మాస్కు చెమటకు రెండు గంటల్లోనే తడిసిపోతుంది. తడిస్తే ఊపిరి ఆడదు, ఘాటూ ఆగదు. కాబట్టి రోజుకు రెండు మార్చడం తప్పు కాదు, నిజంగా అవసరమే. తప్పల్లా తీసిన చోటే వదిలేయడం. చేతిలో బస్తా ఉన్న మనిషి మూడు వరసలు దాటి చెత్తబుట్ట వెతుక్కుంటూ పోడు. అందుకే ప్రతి అడ్తి కొట్టు ముందు మూత ఉన్న డబ్బా ఒకటి పెట్టాలి, దాని మీద మాస్కు బొమ్మ అతికించాలి. కాలితో నొక్కితే మూత తెరుచుకునే డబ్బా అయితే ఇంకా మంచిది. సాయంత్రం దాన్ని కట్టి, గుర్తు పెట్టి, మార్కెట్ చెత్త తీసుకుపోయే వాళ్లకు చెప్పి ఇవ్వడం గుమస్తా పని. కాంటా కాగానే వెళ్లిపోయే రైతులు మాస్కును జేబులో పెట్టుకొని పోకుండా, కాంటా పక్కనే ఇంకో డబ్బా ఉండాలి. ఈ ఏర్పాటును అడ్తిదారులే మొదలుపెట్టాలని నా కోరిక. కూలీ మీద వదిలేయడం న్యాయం కాదు.

ఊళ్లలో స్వచ్ఛ ఆటో ఉండదు, పంచాయతీ ట్రాక్టర్ ఉంటుంది. పద్ధతి అదే. చెత్త వేరు చేసే షెడ్డు మీ ఊళ్లో నడుస్తుంటే అక్కడ మాస్కులకు ఒక సంచి వేరుగా పెట్టమని కార్యదర్శిని అడగండి.

కాల్చొద్దు, పూడ్చొద్దు, మరుగుదొడ్లో వేయొద్దు

పొద్దున్నే ఆకులు ఊడ్చి, కుప్పకు నిప్పు పెట్టి, అందులోనే మాస్కులూ వేసే అలవాటు చాలా వాకిళ్లలో ఉంది. మంట చిన్నది, వేడి చాలదు, ప్లాస్టిక్ సరిగ్గా కాలదు. నల్లటి మసి, కార్బన్ మోనాక్సైడ్ వస్తాయి. నైలాన్ తాళ్ల నుంచి విషవాయువులు కూడా వస్తాయి. ఆ పొగ ముందుగా పోయేది ఊడ్చే మనిషి ఊపిరితిత్తుల్లోకే. ఆసుపత్రి కొలిమిలో కాల్చుతారు కదా అని అడుగుతారు. అక్కడి వేడి వేరు, పొగను శుభ్రం చేసే యంత్రాలు వేరు. పెరట్లో పూడ్చితే మట్టిలో అలాగే ఉంటుంది. మరుగుదొడ్లో వేస్తే పైపు పూడుకుపోతుంది, దాన్ని తీయడానికి మళ్లీ ఒక మనిషిని దింపాల్సి వస్తుంది. ఆ పాపం మనకొద్దు.

తక్కువ వాడే మార్గం

మాస్కులు అమ్మే నేనే ఈ మాట చెప్తున్నాను, తక్కువ కొనండి. పనిని బట్టి మాస్కు ఎంచుకుంటే సగం చెత్త తగ్గుతుంది.

బండి మీద దుమ్ముకు, ఇల్లు దులపడానికి సర్జికల్ మాస్కు అక్కర్లేదు. ఒత్తుగా నేసిన నూలుబట్ట రెండు మూడు పొరలు కుట్టించుకుంటే సరిపోతుంది. 2020లో మన మహిళా సంఘాల అక్కలు కుట్టినవి కొందరి ఇళ్లలో ఇప్పటికీ ఉన్నాయి. వేడినీళ్లు, సబ్బుతో ఉతికి ఎండలో ఆరేస్తే మళ్లీ మళ్లీ వాడొచ్చు. పాతబడ్డాక సాగే తాడు కోసి పొడి చెత్తకు ఇచ్చి, బట్టను తుడుపు గుడ్డగా వాడుకోండి. అయితే జబ్బు మనిషి దగ్గర, ఆసుపత్రిలో బట్ట మాస్కు మీద ఆధారపడొద్దు. అక్కడ సర్జికలో, ఎన్95నో పెట్టుకోవాల్సిందే. చెత్త అవుతుందని ప్రాణం మీదికి తెచ్చుకోకండి.

రోజూ మిర్చి, పత్తి దుమ్ములో ఉండేవాళ్లకు ఎన్95 మంచిది. దుమ్ముకు వాడిన ఎన్95ను ఒక్కరోజుకే పారేయనక్కర్లేదు. ఎవరిది వాళ్లే వాడుతూ, రాత్రి కాగితపు కవర్‌లో ఆరబెట్టుకుంటే కొన్ని రోజులు వస్తుంది. ఊపిరి తీయడం బరువైనా, తాడు వదులైనా, ఆకారం చెడినా మార్చేయాలి. దాన్ని ఉతకకండి, శానిటైజర్ చల్లకండి. సబ్బు, స్పిరిట్ తగిలితే నడిమి పొరలోని విద్యుత్ ఆవేశం పోతుంది. ఆ తర్వాత అది చూడటానికే మాస్కు. సర్జికల్ మాస్కును సర్ఫ్‌లో ఉతికి ఆరేసేవాళ్లకూ ఇదే చెప్తాను. రక్షణ పోవడమే కాదు, ఉతికిన నీళ్లలో ప్లాస్టిక్ పోగులు మోరీలోకి పోతాయి. ఏడాది పొడవునా గోదాంలో పనిచేసే హమాలీలకు, ఫిల్టర్ మాత్రమే మార్చుకునే రబ్బరు హాఫ్ మాస్కు యజమాని కొనిస్తే అన్నిటికంటే నయం.

మాస్కులను కరిగించి మళ్లీ వాడే ప్రయత్నాలు జరుగుతున్నాయి. ముక్కలు చేసిన మాస్కులను రోడ్డు కింద వేసే కంకరలో కలపొచ్చని ఆస్ట్రేలియాలోని ఆర్ఎంఐటీ విశ్వవిద్యాలయం వాళ్లు 2021లో చూపించారు. మన వీధిలో మాత్రం ఇంకా ఆటో, ట్రాక్టరే దిక్కు.

మేడారం జాతరకు పోయేవాళ్లకు ఒక మాట. ఆ ఎర్ర దుమ్ముకు మాస్కు కావాలి, నిజమే. బట్ట మాస్కులే తీసుకుపోండి. వాడి పారేసేవే కావాలంటే మనిషికి రెండు ఖాకీ కవర్లు కూడా సంచిలో పెట్టుకోండి, ఒకటి కొత్తవాటికి, ఒకటి వాడినవాటికి. జంపన్న వాగులో స్నానానికి దిగేముందు ముఖానికున్న మాస్కు తీసి ఆ రెండో కవర్‌లో వేయండి. గద్దెల దగ్గర తోపులాటలో ఊడిపోకుండా తాడును చెవి వెనక చిన్న ముడి వేసి బిగించుకోండి. తిరుగు ప్రయాణంలో అడవి దారిలో బస్సు కిటికీలోంచి విసరకుండా, ఆ కవర్ ఇంటిదాకా తెచ్చి, తారీఖు రాసి మేకుకు తగిలించండి.